తాలు కలిసిన మచ్చు

ఆ ఏడాది యలమందయ్య కల్లంలో మిరపకాయలు మూడు రకాలుగా ఎండుతుంటే, పనిలేకపోయినా జనం అటుగా వచ్చి చూసి పోయేవాళ్లు. ఒక వంతు కాయలు ఎప్పటిలాగే ఒట్టి నేల మీద. ఒక వంతు నీలం పట్టా మీద. మిగతావి మోకాలెత్తున నాలుగు గుంజలకు బిగించిన నైలాను వల మీద.

"కాయలకు మంచం వేశావేం యలమందయ్యా, దుప్పటి కూడా కప్పుతావా?" అని ఎవరైనా అడిగితే, "నేను కాదయ్యా, పెద్ద చదువులోళ్లు వేయించారు" అని ఆయన కాస్త గొప్పగానే చెప్పుకునేవాడు.

వేయించింది శ్రీరమ్య. పొన్నూరు వాళ్లమ్మాయి. ముప్పై ఒకటి నిండాయి. పంటను ఎండబెట్టే పద్ధతుల మీద పీహెచ్‌డీ చేసి, గుంటూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, ఏడాదికోసారి కొనసాగిస్తారో లేదో తెలియని ఉద్యోగం చేస్తోంది. వారానికొకసారి బస్సు దిగి, ముక్కుకి చున్నీ అడ్డం కట్టుకుని కల్లానికి వచ్చేది. మిగతా ఆరు రోజులూ ఆ మూడు రకాల కాయలనూ కనిపెట్టుకుని ఉండటం కల్లంలో కూలికి వచ్చే ఖుర్షిదా పని.

ఖుర్షిదాకి ఇరవై నాలుగేళ్లు. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా సంబంధం వచ్చింది, పుస్తకాలు పక్కింటి పిల్లకి వెళ్లిపోయాయి. మగడు నాగూర్ వలి గుంటూరులో పత్తి జిన్నింగు మిల్లుకి పోయి వస్తాడు. మూడేళ్ల కూతురు అనీసా. ఆ పిల్లకి నెలలో సగం రోజులు కడుపునొప్పి. పిల్ల ఒక ముద్ద తక్కువ తింటే ఖుర్షిదాకి ఆ పూట అన్నం సహించదు. "నీకు పిల్ల పుట్టిందా, బెంగ పుట్టిందా?" అని అత్త నసీమున్నీసా దెప్పుతూనే ఉండేది.

శ్రీరమ్య చెప్పిన పని చూడటానికి సులువే. ప్రతి వారం ఒక్కో రకం నుంచి ఆరు కవర్లు నింపాలి. మూతి అంటించి పైన నంబరు, రైతు పేరు రాసి ఉంచాలి.

"పైవి కావాలనీ వద్దు, అడుగువి కావాలనీ వద్దు. చెయ్యి పెట్టిన చోట ఎట్లా ఉంటే అట్లా తీసి పోసెయ్. ఏరొద్దు" అని మొదటి రోజే చెప్పింది. ఖుర్షిదా తలూపింది.

ఇదంతా దేనికో సంక్రాంతి వెళ్లిన వారంలో తెలిసింది. శ్రీరమ్య నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించుకున్న కాగితాలు పట్టుకొచ్చి, కల్లం పక్కన వేపచెట్టు నీడలో కూర్చుని చదువుతోంది. పక్కనే నసీమున్నీసా కాయల ముచ్చికలు తీస్తోంది.

"ఏంటమ్మా అది, అంత ఇదిగా చదువుతున్నావు?"

"ఒక యూనివర్సిటీ వాళ్ల ప్రకటన పెద్దమ్మా. సైన్సు, ఇంజనీరింగు, అన్ని విభాగాల్లోనూ పోస్ట్ డాక్‌లు తీసుకుంటున్నారు. మొత్తం నలభై మంది. ఎవరి పని వాళ్లే రాసి పంపాలి. ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం సాయంత్రం అయిదింటికి గడువు."

"డాక్టరు చదువు అయిపోయిందన్నావుగా. దాని మీద ఇంకో చదువా?"

"చదువు కాదు, పని. ఇన్నాళ్లూ మా సార్లు అడిగిన ప్రశ్నకి జవాబు వెతికాను. ఇప్పుడు ప్రశ్న కూడా నేనే అడగాలి. అది వాళ్లకి నచ్చితే, రెండేళ్లు జీతమిచ్చి వెతుక్కోమంటారు."

"దొరక్కపోతే?"

"దొరకలేదని రాయాలి."

"దానికీ జీతమేనా?"

"దానికీను."

నసీమున్నీసా చేతిలో కాయ పక్కన పెట్టింది. "చూశావుటే ఖుర్షిదా? మనం ఒక బుట్ట తక్కువ తీస్తే యలమందయ్య మొహం చూడలేం."

"ఇక్కడే ఉన్నాను నసీమమ్మా" అన్నాడు యలమందయ్య వెనక నుంచి.

"ఉన్నావనే అన్నాను."

శ్రీరమ్య నవ్వి, తన ప్రశ్న ఏమిటో వాళ్లకి అర్థమయ్యేట్టు చెప్పింది. మిరపకాయ సరిగ్గా ఎండకపోతే లోపల బూజు పడుతుంది. ఆ బూజులో కొన్ని రకాలు విషం వదులుతాయి. అది కంటికి కనపడదు, వండినా పోదు. నేల మీద ఎండినవాటికీ వల మీద ఎండినవాటికీ ఆ బూజులో తేడా ఎంత? ఇదీ ప్రశ్న. తేడా ఉందని చూపిస్తే రెండేళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో పని.

"అందులో పొలం పని చూసే మనిషి అని ఒక ఉద్యోగం కూడా రాశాను ఖుర్షిదా. నీ పేరు పెడతాను."

ఆ మాట ఖుర్షిదా ఎవరితోనూ అనలేదు, మనసులో మాత్రం రోజూ తిప్పి తిప్పి చూసుకుంది. కాయ కోతలు నాలుగు నెలలే. తర్వాత పనుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అనీసాని గుంటూరు డాక్టరు నెల నెలా తీసుకురమ్మన్నాడు. రెండు నెలలు తీసుకెళ్లి మూడో నెల మానేసింది. ఏడాది పొడుగునా పనుంటే మానక్కర్లేదు. అంతే ఆమె ఆశ.

ఫిబ్రవరి ఆఖరి సోమవారం, తను వచ్చే రోజు కాకపోయినా, శ్రీరమ్య వచ్చింది. ఆరు వారాల కవర్లూ పరీక్ష చేసిన కాగితాలు చేతిలో ఉన్నాయి. మొహంలో కళ లేదు.

"తేడా లేదండీ యలమందయ్యగారూ. నేల మీదవి, పట్టా మీదవి, వల మీదవి, మూడూ ఒకటే. బూజు దాదాపు ఎందులోనూ లేదు."

"నే చెప్పలా? మా తాతలనాటి నుంచీ నేలేగా" అన్నాడాయన.

"అదే రాస్తాను. ఇక్కడి రైతులు ఎండబెట్టే తీరు బాగానే ఉందని. అదీ ఒక ఫలితమే. దాని పక్కన నిలవ ఉంచడం గురించి ఇంకో ప్రశ్న చేర్చి పంపుతాను. నీ ఉద్యోగానికేం ఢోకా లేదులే ఖుర్షిదా. అది అట్లాగే ఉంచాను."

ఆ కవర్లలో బూజు ఎందుకు లేదో ఈ భూమ్మీద తెలిసింది ఖుర్షిదా ఒక్కదానికే.

మచ్చు అంటే కల్లం పరువు. గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు, అదే కాయల బస్తాలు, వెళ్లేముందు ఒక గుప్పెడు కాయలు మచ్చుగా వెళ్తాయి. ఆ గుప్పెట్లో ఒక్క తాలుకాయ, అంటే తడి తగిలి తెల్లబడిందో బూజుపట్టి మచ్చపడిందో ఒక్క కాయ కనపడితే చాలు, ఫలానా వాళ్ల సరుకు ఇంతే అనేస్తారు. అందుకని పదేళ్ల పిల్ల అయినా సరే, మచ్చు తీసేటప్పుడు తాలు ఏరి పారేసి మరీ తీస్తుంది. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. ఖుర్షిదా ఆ కవర్ల మీద యలమందయ్య పేరు రాసింది. ఆ పేరు చూస్తూ తాలుకాయ లోపల వేయడానికి ఆమెకి చెయ్యి రాలేదు. మేడం ఏరొద్దంది నిజమే. అది మేడం మర్యాద కొద్దీ అన్న మాట అనుకుంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు నాకేం వద్దండీ అన్నంత మాత్రాన పెట్టకుండా ఊరుకుంటామా?

తీసిన తాలు వట్టినే పోలేదు. బాగా మచ్చపడ్డవి కూలీలు ఇంటికి పట్టుకెళ్తే యలమందయ్య అడ్డం చెప్పడు. ఖుర్షిదా కూడా కొంగులో మూట కట్టుకుని వెళ్లింది, ఆరు వారాలూ.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి అత్త అనీసాకి అన్నం కలిపి పెడుతోంది. వేడన్నంలో ఇంత కారం, ఇంత నూనె. పిల్లకి ఆ ముద్దంటే ఇష్టం, ఏ కూరా లేకపోయినా తింటుంది. ఖుర్షిదా గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా వచ్చి కంచం లాగేసింది. పిల్ల గుక్కపట్టింది.

"ఏమే, మతిపోయిందా? తినే పిల్ల ముందు నుంచి లాగుతావా?"

ఖుర్షిదా కూర్చుని అంతా చెప్పింది. నసీమున్నీసా ఏడుస్తున్న పిల్లని ఒళ్లోకి లాక్కుంది.

"నలభై ఏళ్లుగా ఇదే కారం తింటున్నాను. నేను చచ్చానా?"

"నువ్వు చావలేదని ఆ కాగితంలో రాసుకుంటారా అత్తా? కవర్లలో ఉన్నది యార్డుకి పోయే కాయ. మనింటికి వచ్చిన కాయని ఎవరు చూశారు?"

"చూడకపోతే ఏం? నువ్వు నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది. తెరిస్తే పోతుంది. ఆ మాత్రం తెలీదూ?"

"తెలుసు. అన్నీ బాగానే ఉన్నాయని ఒకసారి కాగితం మీదికెక్కితే ఇంకెవడూ వచ్చి చూడడు. ఈ పిల్ల కూడా ఇట్లాగే తింటుంది, దీని పిల్లలూ తింటారు."

"నీ ఇష్టం. పోతే మాత్రం నా దగ్గర కూర్చుని ఏడవకు."

మర్నాడు పొద్దున్నే ఖుర్షిదా అనీసాని చంకనేసుకుని, కారం డబ్బా సంచిలో పెట్టుకుని గుంటూరు బస్సెక్కింది. బస్సులో మూడుసార్లు దిగిపోదామనుకుంది. పిల్లకి వాంతి వచ్చేట్టుందన్న సాకు కూడా తయారుచేసుకుంది. పిల్ల హాయిగా కిటికీలోంచి లారీలు చూస్తూ కూర్చుంది.

కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు కావాలన్నాడు. చెప్పింది. శ్రీరమ్య ల్యాబ్‌లోంచి వచ్చి, పిల్లకి బాగాలేదేమో అనుకుని కంగారుగా లోపలికి తీసుకెళ్లింది.

"పిల్ల బాగానే ఉందండీ. నేనే బాగాలేను. కాయలు ఏరాను మేడం. అన్ని కవర్లలోనూ తాలు తీసేశాను."

శ్రీరమ్యకి ఆ మాట ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక మొహం ఎర్రబడింది.

"మొదటి రోజే చెప్పాను కదా ఏరొద్దని."

"చెప్పారు. విన్నాను. తెలిసింది కూడా."

"మరి?"

"పైన యలమందయ్య బాబాయ్ పేరుందండీ" అంది ఖుర్షిదా. మచ్చు సంగతి చెప్పింది. చెబుతుంటే తనకే చిన్నతనంగా అనిపించింది. కానీ ఆపలేదు.

"నూట ఎనిమిది కవర్లు" అంది శ్రీరమ్య, ఎవరితోనో అన్నట్టు. బల్ల మీద మోచేతులానించి తల పట్టుకుంది. "శుక్రవారం అయిదింటికి పంపాలి. ఇవాళ మంగళవారం. నా దగ్గర ఇప్పుడు ఏమీ లేదు ఖుర్షిదా. అర్థమవుతోందా? ఏమీ లేదు."

"ఎన్ని తీశానో చెప్పగలను."

శ్రీరమ్య తలెత్తలేదు.

"నేల మీదవాటిలో కవరుకి దోసెడు తీసేదాన్ని. పట్టా మీదవాటిలో పిడికెడు. వల మంచం మీదవాటిలో నాలుగో అయిదో, ఒక్కోసారి ఒకటీ ఉండేది కాదు. అక్కడ తీసే పనే లేదని నేల కవర్లు ముందు నింపేసి అవి ఆఖర్న నింపేదాన్ని."

ఇప్పుడు తలెత్తింది. "నిజంగా?"

"ఈ చేతులతోనే తీశానండీ."

"నువ్వు పారేసిన దాంట్లో ఉందన్నమాట తేడా అంతా." శ్రీరమ్య లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చింది. "కానీ గుర్తున్నదాన్ని బట్టి రాస్తే ఎవరూ ఒప్పుకోరు."

"అయితే మళ్లీ తీద్దాం. మూడో కోత కాయ ఇంకా కల్లంలోనే ఉంది, మూడు రకాలుగానూ. తాలు కంటికి కనపడేదే కదా, దానికి మిషనెందుకు? వేరు చేసి తూకం వేస్తే సరిపోదా?"

బూజు పరీక్షకి వారం పడుతుంది. తూకానికి రెండు రోజులు చాలు. శ్రీరమ్య కాగితం మీద ఏదో రాసుకుంది, కొట్టేసింది, మళ్లీ రాసుకుంది. ఖుర్షిదా సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది ఆ తీసేసిన కాయల కారం. దీన్ని కూడా చూడండి. మా పిల్ల కడుపునొప్పి దీనివల్లేనా మేడం?"

"తెలియదు. తెలియకుండా అవునని అనను, కాదనీ అనను. నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్లడం మానకు. ఇది మాత్రం పెట్టకు."

బుధవారం పొద్దున్న కల్లంలో కొత్త చిక్కు వచ్చి పడింది. సంగతి విన్న యలమందయ్య నడుం మీద చేతులు పెట్టుకుని కాయలకి అడ్డంగా నిలబడ్డాడు.

"నా పేరు పెట్టి తాలు పంపుతారా? ఎక్కడో పెద్ద యూనివర్సిటీలో నలుగురూ కూర్చుని యలమందయ్య కాయ ఇదీ అని చూస్తారా? కుదరదమ్మా. మంచం వేసుకుంటామంటే వేసుకోనిచ్చాను. ఇది మాత్రం కుదరదు."

"అందరి కల్లంలోనూ ఉండేదేనండీ" అంది శ్రీరమ్య.

"అందరూ పంపట్లేదుగా."

శ్రీరమ్య ఖుర్షిదా వైపు చూసింది. ఖుర్షిదా పిల్లని కింద దింపింది.

"మీ పేరొద్దు బాబాయ్. నా పేరు రాయండి మేడం. ఖుర్షిదా కాయలు అని రాయండి."

"నీకు సెంటు భూమి లేదు. కాయలెక్కడివే నీకు?"

"తాలు నాదేగా? ఏటా పట్టుకెళ్తున్నది నేనేగా? మంచివి మీవి, యార్డుకి పోతాయి. తాలు మాది, మా ఇళ్లకి వస్తుంది. కవర్లో తాలుంటే సిగ్గు నాకే గానీ మీకెందుకు?"

యలమందయ్య నేల మీద చీమిడి ముక్కుతో నిలబడ్డ అనీసాని చూశాడు. పక్కకి జరిగాడు.

"ఎవరి పేర్లూ వద్దు. నంబర్లేసుకుని తగలడండి" అని, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "పట్టా మడతల్లో కూడా చూడండి, అక్కడ తడి నిలుస్తుంది" అన్నాడు.

పని మొదలయ్యాక తెలిసింది, ఏరడం కంటే ఏరకుండా ఉండటమే కష్టమని. ఖుర్షిదా చెయ్యి కుప్పలోకి వెళ్లి వచ్చేలోపే వేళ్లు తాలుని పక్కకి తోసేస్తున్నాయి. "అదిగో, మళ్లీ" అంటుంది శ్రీరమ్య. కళ్లు మూసుకుని తీసింది. లాభం లేదు. తాలుకాయ తేలిగ్గా, గలగలలాడుతూ ఉంటుంది, కళ్లకన్నా ముందు వేళ్లకే తెలుస్తుంది. చివరికి ఖుర్షిదా ఇంటి నుంచి ఒక పాత డాల్డా డబ్బా తెచ్చి, దాన్ని కాయల్లో ముంచి ఎంతొస్తే అంత కవర్లో ఒంపింది. చెయ్యి తగలకుండా అరవై కవర్లు నింపింది. తర్వాత ఒక్కో కవరూ విప్పి, తాలు వేరు, మంచివి వేరు చేసి తూచారు. గురువారం పొద్దు వాలేదాకా అదే పని. తుమ్ములతో, కళ్ల నీళ్లతో శ్రీరమ్య సగం అంకెలు రాసేది, మిగతా సగం ఖుర్షిదా రాసేది. తొమ్మిదో తరగతి చేతిరాత గుండ్రంగా, తప్పుల్లేకుండా ఉంది.

దోసెడు, పిడికెడు, నాలుగైదు కాయలు. ఖుర్షిదా చెప్పినట్టే తేలింది, కొంచెం అటూ ఇటూగా.

శుక్రవారం నెట్ సెంటర్‌లో శ్రీరమ్య కంప్యూటర్ ముందు, ఖుర్షిదా పక్కన స్టూలు మీద కూర్చున్నారు. శ్రీరమ్య ప్రశ్న మారిపోయింది. ఎండబెట్టే పద్ధతి ఒక్కటే కాదు, యార్డుకి పోయే కాయ ఎట్లా ఉంది, కూలీ వంటింటికి పోయే కాయ ఎట్లా ఉంది? టైపు చేస్తూ తెలుగులో చెబుతూ వచ్చింది.

"మొదట తీసిన నూట ఎనిమిది మచ్చులూ పనికిరావని ముందే రాసేస్తున్నాను. ఎందుకు పనికిరావో కూడా రాస్తున్నాను. నీ పేరు అక్కర్లేదులే, ఒక కూలీ అని రాస్తాను."

"పేరు రాయండి. లేకపోతే మీరే ఏదో చేసి కూలీ మీద నెట్టారనుకుంటారు."

"నిన్ను ఉద్యోగంలోకి తీసుకోమని అదే కాగితంలో అడుగుతున్నాను ఖుర్షిదా. చెడగొట్టింది ఈవిడే, ఉద్యోగం ఇవ్వమంటున్నదీ ఈవిడకే అంటే ఏమనుకుంటారు?"

ఖుర్షిదా ఒళ్లో నిద్రపోతున్న పిల్లని సర్దుకుంది.

"ఏమైనా అనుకోనీండి. రెండూ రాయండి."

నాలుగూ నలభైకి పంపారు.

ఏప్రిల్ రెండో వారంలో శ్రీరమ్యని ఇంటర్వ్యూకి పిలిచారు. అది అయిన నాలుగో రోజు కల్లానికి వచ్చింది. ఆఖరి కోత కాయలు పల్చగా ఎండుతున్నాయి. ఈసారి యలమందయ్య తనంతట తనే పట్టా మీదా వల మీదా పోయించాడు గానీ, ఎందుకని అడిగితే నేల చాల్లేదన్నాడు.

"వచ్చింది" అంది శ్రీరమ్య. "రెండేళ్లు కాదు, ముందు ఒక ఏడాది. పని చూసి రెండోది ఇస్తారట. నీ డబ్బాలో కారం కూడా పరీక్ష చేశాం. అందులో ఆ విషం ఉంది, ఇంటర్వ్యూలో అదే చూపించాను. ఎంతవరకు ప్రమాదమో, ఎన్ని ఇళ్లలో ఉందో తేల్చమన్నారు. అందుకే ఇచ్చారు."

ఖుర్షిదా పమిట చెంగుతో మొహం తుడుచుకుంది. "మా ఇంట్లో ఆ కారం మానేశాం లెండి. నా సంగతి అడిగారా?"

"అడిగారు. పెద్దాయన ఒకాయన కళ్లజోడు తీసి మరీ అడిగాడు, ఈవిడ మళ్లీ ఏరదని మీకేం నమ్మకం అని."

"మీరేమన్నారు?"

"నమ్మకం లేదన్నాను."

ఖుర్షిదా మొహం చిన్నబోయింది. శ్రీరమ్య గొంతు మార్చలేదు.

"నమ్మకం మీద నడిపితే ఇది పని కాదు ఖుర్షిదా. నా మీద కూడా నాకు నమ్మకం లేదన్నాను. పది కవర్లకొకటి ఇంకొకరి చేత తీయిస్తాం, నీవీ వాళ్లవీ పక్కపక్కన పెట్టి తూస్తాం అన్నాను. అప్పుడు ఒప్పుకున్నారు. నిన్ను తీసుకోమన్నారు. జూన్ నుంచి. ఆ ఇంకొకరు ఎవరో చూసుకోవాలి. నీకు స్నేహితులు కాకూడదు. నువ్వు తప్పు చేస్తే దాచేవాళ్లు కాకూడదు."

ఖుర్షిదా చిన్నబోయిన మొహంతోనే కల్లమంతా కలయజూసింది. ముచ్చికలు తీస్తున్న ఆడవాళ్లు పదిమంది ఉన్నారు. అందరూ తన జట్టే. ఒకరు తప్పు చేస్తే తొమ్మిదిమంది కప్పుకొస్తారు. ఆ పదిమందికీ అవతల, నీడంతా తనే ఆక్రమించి కూర్చుని, కోడలు పెట్టిన చద్దన్నంలో ఉప్పు లేదని పక్కావిడకి చెబుతున్న మనిషి మీద ఆమె చూపు ఆగింది.

"అత్తని పెట్టండి మేడం" అంది. "ఈ ఊళ్లో నా తప్పు ఒక్కటి కూడా వదలని మనిషి ఆవిడొక్కతే."

శ్రీరమ్య నవ్వాపుకోలేకపోయింది. నసీమున్నీసా అక్కడి నుంచే తలతిప్పింది.

"నా మాటేదో అనుకుంటున్నారు?"

"పని చెబుతున్నాం అత్తా. నన్ను కనిపెట్టే పని."

"అదిప్పుడు చెయ్యట్లేదా?" అంటూ నసీమున్నీసా మోకాళ్ల మీద చేతులానించి లేచి, కొంగు బిగించుకుని, ఎండుతున్న కాయల దగ్గరికి నడిచింది. "ఏదీ, ముందు నువ్వు తియ్యి. చూస్తాను."